గాలి పీల్చుడు ఇను

మా బాపు హన్మకొండలో టైలర్. కుమార్‌పల్లిలో అద్దె షట్టర్, ఒక మిషన్, గోడకు కొట్టిన చెక్క మీద మర్ఫీ రేడియో. ఏటా పోస్టాఫీసుకు పోయి దానికి లైసెన్సు డబ్బులు కట్టొచ్చేవాడు. రాత్రి నాటకం మొదలైతే మిషన్ తొక్కడం ఆపేసి కాజాలు కుట్టుకుంటూ కూర్చునేవాడు. కాజాలన్నీ నాటకం రోజుకే దాచుకుంటాడని అవ్వ ఎత్తిపొడిచేది.

హైదరాబాద్ కేంద్రం నాటకాల్లో శారదా శ్రీనివాసన్ గొంతంటే ఆయనకు ప్రాణం. చలం 'పురూరవ'లో ఆమే ఊర్వశి. నాకు పదేళ్ళుంటాయేమో, సగం మాటలు అర్థం కాలేదు. "ఇప్పుడేమైంది బాపూ?" అంటే, "ఊకో బిడ్డా, ఆమె గాలి పీల్చుడు ఇను" అన్నాడు. విన్నాను. నిజంగానే, మాట పలకకముందే అది కోపమో బతిమాలుడో ఆ ఊపిరిలోనే తెలిసిపోతోంది. సినిమావాళ్ళకు కళ్ళున్నాయి, చేతులున్నాయి. వీళ్ళకున్నది అదొక్కటే. అన్ని ఇళ్ళకూ తెలిసిన ఆ మనిషి బజార్లో ఎదురుపడితే మాత్రం మేం గుర్తుపట్టేవాళ్ళం కాదు.

1990లో వరంగల్‌కే ఆకాశవాణి కేంద్రం వచ్చింది, 103.5 ఎఫ్ఎం. ఆడిషన్‌కు పోయాను. 'బి' గ్రేడు ఇచ్చారు. మొదటి నాటకంలో నేను పక్కింటి వదినను, మొత్తం పదకొండు డైలాగులు.

ఒక్క మైకు చుట్టూ నలుగురం. స్క్రిప్టుకు పిన్ను ఉండదు, అయిపోయిన కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు జార్చాలి. గట్టిగా అరవాలంటే మైకుకు ఒకడుగు వెనక్కి, గుసగుసైతే ముందుకు. ఇవన్నీ రిహార్సల్లో నేర్చుకున్నా. గాజుల సంగతే ఎవరికీ తట్టలేదు. రికార్డింగ్‌లో హీరోయిన్ ఏడుస్తుంటే నా మట్టిగాజులు గలగలమన్నాయి. కట్!

"పక్కింటి వదినకు గాజులుండవా సార్?" అన్నాను, భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి.

"ఉంటయమ్మా. కానీ ఈ సీన్ల నువ్వు లేవు గదా!"

గాజులు తీయడానికి మనసొప్పలేదు. రెండు చేతులకూ దస్తీలు చుట్టుకుని మిగతాది లాగించాను. అవతల ఒకాయన కొబ్బరి చిప్పలతో గుర్రాన్ని పరుగెత్తిస్తున్నాడు, ఇవతల నేను కట్లు కట్టుకున్న పేషెంటులా!

ప్రసారం రోజు ఇంకో తిప్పలు. పాత మర్ఫీకి ఎఫ్ఎం తగలదు. బాపు చౌరస్తాకు పోయి కొత్త సెట్టు కొనుక్కొచ్చాడు. షట్టర్ సగం దించి, కళ్ళజోడు పెట్టుకుని, ఒళ్ళో ఎవరిదో చొక్కాతో కూర్చున్నాడు. నేను గడప దగ్గర. నా పదకొండు డైలాగులూ అయిపోయినా ఆయన తలెత్తలేదు. నాటకం అయిపోయింది, వార్తలు కూడా మొదలైనయి. అప్పుడు పంటితో దారం కొరికి అన్నాడు:

"ఊపిరి మంచిగనే తీస్తున్నవ్. కని ఒక్క దగ్గర కాగితం సప్పుడైంది."