పెల్టియర్‌తో గాలిలోంచి మంచినీళ్లు: మూడో కూర్పు

ఇప్పటి లెక్క: 30 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గదిలో గంటకు 11 మిల్లీలీటర్లు. మొదటి కూర్పు 3 దాటలేదు. పెల్టియర్ పలక (కరెంటు పారితే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కేది) అదే టీఈసీ1-12706, మారినవన్నీ దాని చుట్టూ ఉన్నవే.

అలాంటి గాలిలో ఘనపు మీటరుకు 18 గ్రాముల ఆవిరి ఉంటుంది, డ్యూ పాయింట్ (ఆవిరి నీరవడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 21.4 డిగ్రీలు. 10 డిగ్రీలకు చల్లారిస్తే దాదాపు 9 గ్రాములు నీరవుతుంది. పలక లాగే వేడిలో సగం గాలిని చల్లార్చడానికే సరిపోతుంది, కాబట్టి ఆశ హద్దులో ఉండాలి.

అసలు కిటుకంతా వేడి వైపే. చిన్న హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ) పెట్టినప్పుడు అది 58 డిగ్రీలకు ఎక్కింది, చల్లని వైపు 15 కంటే దిగలేదు. హీట్‌పైపులున్న సీపీయూ కూలర్, 120 మి.మీ. ఫ్యాన్ బిగించాక వేడి వైపు 42, చల్లని వైపు 6. థర్మల్ పేస్టు పల్చగా రాసి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పాలి. ఒక మూల ముందే బిగిస్తే పింగాణీ పగులుతుంది. స్క్రూల కింద నైలాన్ వాషర్లు లేకపోతే వాటి గుండానే వేడి వెనక్కి వస్తుంది. పలక అంచుల్ని సిలికాన్‌తో మూసేయండి, లోపలికి తేమ చేరితే టంకాలు తుప్పు పడతాయి.

చల్లని వైపు ఫ్యాన్ జోరుగా తిరిగితే నీళ్లు ఎక్కువ వస్తాయనుకోవడం పొరపాటు. ఫ్యాన్ 12 వోల్టుల మీద తిరిగినప్పుడు చల్లని వైపు బిగించిన లోహపు రెక్కలు 19 డిగ్రీల దగ్గరే ఆగాయి, చెమర్చడమే తప్ప కారలేదు. 5 వోల్టులకు తగ్గించగానే చుక్క పడింది. రెక్కలు నిలువుగా, 4 మి.మీ. ఎడంతో ఉండాలి. కంప్యూటర్ హీట్‌సింకుల్లో ఎడం 2 మి.మీ. లోపే, చుక్కలు రెండు రెక్కల మధ్య ఇరుక్కుని గాలికి అడ్డం పడతాయి. కొత్త రెక్కల్ని ముందు సబ్బునీళ్లతో కడగండి, జిడ్డుంటే చుక్క జారదు.

తేమ తగ్గినప్పుడు రెక్కలు సున్నాకు దిగి మంచు కడుతుంది. అప్పుడు కరెంటు ఆపేయకండి: ఆపిన మరుక్షణం వేడి వైపు నుంచి వేడి పలక గుండా ఇటు పారుతుంది. రెక్కలు 3 డిగ్రీలకు దిగగానే బక్ కన్వర్టర్‌తో (వోల్టేజి తగ్గించే చిన్న సర్క్యూట్) పలకను 7 వోల్టులకు దించితే చాలు.

తాగడం వేరే సంగతి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 18 చూపించింది, కానీ బాక్టీరియా ఉందో లేదో ఆ మీటరుకు తెలియదు. గాలి లోపలికి వచ్చేచోట దుమ్ము ఫిల్టరు ఉండాలి, మొదటి గంట నీళ్లు పారబోయాలి. మిగతావి వెలుతురు తగలని స్టీలు గిన్నెలో పట్టి, ఏ రోజువి ఆ రోజే బాగా మరగకాచాలి. గోరువెచ్చగా నిలవ ఉంచిన నీళ్లలోనే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి.

ఫ్యాన్లతో కలిపి 65 వాట్లు, అంటే లీటరుకు దాదాపు 6 యూనిట్లు. కంప్రెసర్ ఉన్న డీహ్యూమిడిఫయర్‌కు ఇందులో చిన్న భాగం చాలు. రోజూ లీటర్లకొద్దీ కావాలంటే దారి అదే.

తేమ 30 శాతానికి పడిపోతే డ్యూ పాయింట్ 10.5, ఈ పెట్టె దాదాపు ఖాళీగానే ఉంటుంది. అందుకే నాలుగో కూర్పులో రాత్రి తేమ పీల్చే సిలికాజెల్ అర కిలో, పగలు దాన్ని వేడిచేసి ఆ తేమను వదిలించే మూత పెట్టె. తెల్ల గుళికలే కొనండి. నీలం రంగువాటిలో విషపూరితమైన కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది.