హాలు కడిగినట్టే బెడ్‌రూమూ కడిగారు

నిన్న సాయంత్రం మా బెడ్‌రూమ్‌లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉత్త కాళ్లతో నడిచాను. ఎక్కడా అతుకు తగల్లేదు. 17 రోజుల తర్వాత ప్రాణం కుదుటపడింది. అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను.

మాది నిజాంపేటలో ఫ్లాట్. హాల్లో చెక్కలా కనిపించే టైల్స్, రెండు బెడ్‌రూముల్లో లామినేట్, అంటే పైకి చెక్కలా ఉండే, ఒకదానికొకటి బిగించే పలకల నేల. రంగూ గీతలూ కలిసేలా ఏరికోరి వేయించుకున్నాం. వరలక్ష్మీవ్రతానికి మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. ముందురోజు నేను ఆఫీసులో ఉండగా, పండగ కదా అని హాలంతా నీళ్లు పోసి కడిగి, అదే ఊపులో మా బెడ్‌రూమూ కడిగేశారు. ఇందులో ఆవిడ తప్పేముంది? చూడ్డానికి రెండూ ఒకటే నేల. తేడా ఆవిడకి చెప్పాల్సింది నేను, నాకు చెప్పాల్సింది డబ్బు తీసుకుని అమ్మినవాళ్లు.

శనివారానికి మంచం పక్కన అతుకులు ఉబ్బాయి. గోరు అడ్డంగా రాస్తే టక్కున తగిలేది. ఆదివారానికి గది మధ్యలో నేల పైకి లేచింది. కాలు వేస్తే దిగేది, తీస్తే మళ్లీ లేచేది.

షాపుకి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వడం ఐదు నిమిషాల పని. నాలుగో రోజు ఒక కుర్రాడు వచ్చాడు. తేమ చూసే, రెండు సూదులున్న చిన్న మీటరు అతుకులో గుచ్చి, అంకె చూసి, "వుడెన్ ఫ్లోరింగ్‌ని ఎవరైనా బకెట్లతో కడుగుతారా మేడమ్? చదువుకున్నవాళ్లు కదా!" అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యగారు "కడిగింది నేనే బాబూ" అన్నారు. ఆ కుర్రాడు ఆవిడ మొహం మీదే నవ్వాడు. ఆ రాత్రి ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. "కొత్త ఇల్లు పాడు చేశానే అమ్మాయ్" అని ఎన్నిసార్లన్నారో. నేల పోతే మళ్లీ వేయించుకోవచ్చు, 70 ఏళ్ల మనిషిని ఆమె కొడుకు ఇంట్లోనే చిన్నబుచ్చడం ఏ వ్యాపారం?

మర్నాడు సెలవు పెట్టి షాపుకి వెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టి వారంటీ కార్డు తీశారు. సన్నక్షరాల్లో, నీళ్లతో కడిగితే వర్తించదని ఉంది. ఈ కార్డు నాకెప్పుడిచ్చారని అడిగితే జవాబు లేదు. నా ఫైల్లో ఉన్నది 46 వేల బిల్లొక్కటే. వేసిన రోజు "ఏసీ4 రకం మేడమ్, 20 ఏళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నది వీళ్లే. ఏసీ అంకె అరుగుదలని ఎంత తట్టుకుంటుందో చెబుతుంది. నీళ్ల సంగతి దాన్లో ఉండదు. ఈ ముక్క నేను తర్వాత తెలుసుకున్నాను.

మా పై అంతస్తువాళ్లు ఒక కార్పెంటర్‌ని పంపారు. ఆయన ఉబ్బిన చోటు చూడనే లేదు. తిన్నగా గోడ దగ్గరికెళ్లి, గోడ అడుగున కొట్టిన స్కర్టింగ్ పట్టీ ఊడదీశాడు. పలకలు గోడకి అతుక్కుని ఉన్నాయి, చాకు మొన కూడా దూరదు. "ఊపిరాడే చోటే ఉంచలేదక్కా" అన్నాడు. లామినేట్‌ని నేలకి అంటించరు, పల్చటి ఫోమ్ మీద పరుస్తారు. వానాకాలం తేమకే కాస్త పెరుగుతుంది, అందుకని గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. ఆ ఖాళీని కప్పడానికే స్కర్టింగ్. అతుకులు ఉబ్బింది నీళ్లవల్లే, కాదనను. కానీ గది మధ్యలో నేల లేచింది మాత్రం పక్కకి జరగడానికి చోటు లేకే.

పాడైన పలక ఒకటి విరిచి చూపించాడు. పైన టేకు గీతలున్న కాగితం, దాని మీద గట్టి పొర. లోపలంతా జిగురుతో నొక్కిన చెక్క పీచు. తడిసిన అంచుని వేళ్లతో నలిపితే టీలో నానిన బిస్కెట్‌లా రాలింది. ఇది ఒకసారి ఉబ్బితే ఎండినా వెనక్కి పోదు.

నాలుగు గోడల దగ్గరా స్కేలు పెట్టి ఫోటోలు తీశాను. ఈసారి షాపులో కూర్చోలేదు. కొనడానికి వచ్చినవాళ్లు ముగ్గురుండగా యజమాని టేబుల్ మీద ఫోన్ పెట్టి, "ఖాళీ ఎక్కడ వదిలారో చూపించండి" అన్నాను. పది నిమిషాల్లో 7 పలకలు ఉచితంగా ఇచ్చారు. ఆ కుర్రాడితో అక్కడే అత్తయ్యగారికి ఫోన్ చేయించి క్షమాపణ చెప్పించాను. ఆ పని చేసినందుకు నాకు గర్వంగానే ఉంది.

రిపేరు రెండు రోజులు. పలకలకి టేపు మీద నంబర్లు వేసి, గోడవైపు నుంచి ఒక్కొక్కటీ విప్పి, కింద ఫ్యాన్‌తో ఆరబెట్టి, అంచులు కోసి మళ్లీ బిగించాడు. కూలి నేనే ఇచ్చాను.

కొత్తగా వేయించుకునేవాళ్లు షాపులో ఒక ముక్క అడిగి తెచ్చుకుని, రాత్రంతా నీళ్లలో పడేయండి. ఏం కొంటున్నారో పొద్దునకి తెలిసిపోతుంది. ఎస్‌పీసీ అనే ఇంకో రకం పలకలైతే సున్నపురాయి పొడీ ప్లాస్టిక్కూ కాబట్టి ఉబ్బదు. స్కర్టింగ్ కొట్టకముందే చుట్టూ ఖాళీ చూసుకోండి, అప్పటిదాకా మిగతా డబ్బు ఇవ్వకండి. అదే రకం పలకలు నాలుగైదు అటక మీద దాచుకోండి. తర్వాత వేరే రకం తెస్తే గాడి కలవదు.

ఇప్పుడు మా ఇంట్లో లామినేట్‌కి రోజూ మెత్తటి చీపురు, ఎందుకంటే గీతలు పడేది ఇసుకవల్లే. వారానికి రెండుసార్లు మైక్రోఫైబర్ మాప్‌ని గట్టిగా పిండి తుడుస్తాం, రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. ఫినాయిల్ లేదు, ఆవిరి మాప్ లేదు. మెరుపుకి కొబ్బరినూనె రాయమని పక్కింటావిడ చెప్పారు. వద్దు, పైపొర నూనె పీల్చదు, కాలు జారుతుంది, దుమ్ము పడుతుంది. హాల్లో టైల్స్‌కి ఎన్ని నీళ్లయినా పోయొచ్చు. వాటి సందులు నల్లబడితే సబ్బు, బ్రష్షు చాలు. యాసిడ్ మాత్రం పోయకండి.

విరిచిన పలక ముక్క అత్తయ్యగారికి పార్సెల్ చేశాను. అంచు నలిపి చూసి ఫోన్ చేశారు. దసరాకి వస్తామన్నారు, హాలు తనే కడుగుతారట.