మెషిన్ మార్చాలా, వద్దా?
న్యూజెర్సీ బీచ్‌లో పొడి ఇసుక మీద నా మెటల్ డిటెక్టర్‌కి వంక పెట్టలేం. తడి ఇసుకలోకి దిగితే మాత్రం పూనకం వచ్చినట్టు ఒకటే కూతలు. అది పనిచేసేది ఒక్క ఫ్రీక్వెన్సీ మీదే. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి ఉత్త ఇసుక కూడా దానికి లోహంలాగే అనిపిస్తుంది. సెన్సిటివిటీ తగ్గిస్తే నోరు మూస్తుంది, దాంతోపాటే లోతూ పోతుంది.

ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపే మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 కొనమని తోటివాళ్ల పోరు. నిన్న ఒకాయన తనది చేతికిచ్చి చూడమన్నారు. అలల అంచునే నడిచాను, అనవసరపు చప్పుడు లేదు. ఒకచోట, కింద ఉన్నది ఏ రకం లోహమో సూచించే అంకె తెరమీద 13 అని నిలకడగా చూపించింది. తవ్వితే ఐదు సెంట్ల నికెల్ నాణెం! అంత సంబరం ఎందుకంటే, సన్నటి బంగారు ఉంగరాలు పలికేదీ ఆ అంకె చుట్టుపక్కలే. కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగులు పలికేదీ అక్కడే, ఖర్మ. ఆ చిక్కు ఎంత పెట్టి కొన్నా పోదు, తవ్వుకోవాల్సిందే.

"ఇన్నాళ్లూ దొరికిన చిల్లరతోనే కొనుక్కోండి" అని మా ఆవిడ తీర్పు. అది జరిగే పని కాదు. పొడి ఇసుకకి పాతదాన్ని ఉంచుకుని, తడి ఇసుక కోసం సెకండ్ హ్యాండ్‌ది చూస్తున్నా. ఎవరైనా అమ్ముతుంటే చెప్పండి.