బల్లి పడింది, కంచికి పోయాం

అమ్మ నెత్తిన బల్లి పడింది. పంచాంగం తీసి చూస్తే, ఆడవాళ్ళకు తల మీద పడితే మరణభయం అని ఉంది. వెంటనే తలస్నానం చేసింది, దీపం పెట్టింది, అయినా మనసు కుదుటపడలేదు. "ఎలాగూ తిరుపతి పోతున్నాం, అక్కణ్ణుంచి కంచి ఎంత దూరం?" అంది. కంచిలో బంగారు బల్లిని ముట్టుకుంటే బల్లిపాటు దోషం పోతుందని మనవాళ్ళందరి నమ్మకం కదా.

తిరుమల దర్శనం గురించి రాయడానికేం లేదు. అందరికీ అయినట్టే అయింది. రాయాల్సింది మర్నాడు ఎక్కిన బస్సు గురించి.

తిరుపతిలో బస్సు కదలబోతుంటే వెనక సీటాయన తుమ్మాడు. ఒంటి తుమ్ము. ఇంకొకటి వస్తుందేమోనని అమ్మ వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ఆయన ముక్కు తుడుచుకుని ఫోన్లో పడిపోయాడు. "దిగుదాం. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, వెనకొచ్చే బస్సుకు పోదాం" అంది. టికెట్లు కొట్టేశారమ్మా అన్నాను. డ్రైవరు స్టీరింగు ముట్టి కళ్ళకద్దుకోవడం చూశాక కొంచెం నెమ్మదించింది. పుత్తూరు దాటింది, నగరి దాటింది, బోర్డులన్నీ తమిళంలోకి మారిపోయాయి. తిరుత్తణి ఇంకాస్త దూరం ఉందనగా టైరు పంక్చరైంది. అమ్మ ఏమీ అనలేదు. నా వైపు ఒక చూపు చూసింది, అంతే.

స్టెప్నీ ఉంది, అది విప్పడానికి కావలసిన సామాను సరిగ్గా లేదు. చింతచెట్టు కింద గంట పైనే కూర్చున్నాం. తుమ్మినాయన ఎక్కణ్ణుంచో ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు తెచ్చి అందరికీ పంచాడు. మంచి మనిషి. అమ్మ తన వాటా తీసుకుని మొత్తం నా చేతిలో పోసింది.

కంచి బస్టాండు నుంచి వరదరాజస్వామి గుడికి ఆటో 150 అన్నాడు. మూడు కిలోమీటర్లకు! బేరమాడితే పది తగ్గించాడు. తీరా వెళ్తే గుడి మధ్యాహ్నానికి మూసేశారు, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తీస్తారట. దగ్గర్లోని హోటల్లో కోవెల ఇడ్లీ తిన్నాం. మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి వెదురుబుట్టలో ఉడికిస్తారు, స్వామికి నైవేద్యం పెట్టేదీ అదే. మన ఇడ్లీలా దూదిలా ఉండదు, గట్టిగా, ఘాటుగా ఉంటుంది. నాకు నచ్చింది. ధర నచ్చలేదు.

తలుపులు తీసే వేళకు ఒక ముసలామె గోపురం ముందు పూలబుట్ట దించుకుంటోంది. తులసిమాల తీసుకుందామని నేను ముందుకెళ్తే అమ్మ నా చెయ్యి పట్టుకు లాగింది. "ఉండు, ముందు ఇంకెవరైనా కొననీ."

నాన్న పోయినప్పటి నుంచీ ఇంతే. ఇంట్లో ఎవరైనా బయల్దేరుతుంటే అమ్మ ఎదురురాకుండా వంటింట్లోకి తప్పుకుంటుంది. తుమ్మూ, పిల్లీ, బల్లీ అయితే నవ్వి ఊరుకుంటాను. ఒక మనిషినే అపశకునం చేసి, ఆ మాట ఆ మనిషి చేతే నమ్మించడం చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎన్నిసార్లు పోట్లాడానో. వినదు.

పూలామె వినిపించుకునే రకం కాదు. "వాంగమ్మా, బోణీ!" అంటూ మాల తెచ్చి అమ్మ చేతిలోనే పెట్టింది. ఇచ్చిన నోటు కళ్ళకద్దుకుని, బుట్ట చుట్టూ తిప్పి, నడుముకున్న సంచీలో దోపుకుంది. ఇంతలో ఒక వ్యాను నిండా జనం దిగి బుట్ట మీద పడ్డారు. ఆ సందట్లో ఆమె అమ్మను చూపిస్తూ వాళ్ళతో ఏదో అంది. నాకు తమిళం రాదు, అమ్మకు అసలే రాదు. "నా చెయ్యి మంచిదంటోంది" అంది అమ్మ. నేను కాదనలేదు.

లోపల అనంతసరస్సు దగ్గర ఆగాం. అత్తి వరదర్, అంటే అత్తిచెక్కతో చేసిన వరదరాజస్వామి విగ్రహం, ఉండేది ఆ నీళ్ళ అడుగునే. నలభై ఏళ్ళకోసారి ఆయన్ని బయటికి తీస్తారు. 1979 తర్వాత 2019లో తీసి 48 రోజులు దర్శనమిచ్చారు. అప్పుడు రాలేకపోయామని అమ్మకు దిగులు. మళ్ళీ 2059లో అంటే "అంతకాలం నేనెక్కడుంటాలే" అంది తేలిగ్గా. మరణభయం పోగొట్టుకోవడానికి వచ్చిన మనిషి!

బల్లుల దగ్గరికి పోవాలంటే వేరే టికెట్టు, చిన్నదే. బంగారు బల్లి, వెండి బల్లి, పక్కన సూర్యచంద్రులు, అన్నీ పైకప్పుకే ఉన్నాయి. గురువు శాపంతో బల్లులైన శిష్యులు ఇక్కడ విముక్తి పొందారని కథ. మెట్లెక్కి చెయ్యి చాచి తడమాలి, వెనకవాళ్ళు తోస్తూనే ఉంటారు. అమ్మ మటుకు తీరిగ్గా, రెండింటినీ తల నుంచి తోక దాకా నిమిరింది. వెనకాల ఒకాయన గొణిగాడు. ఆమె ఖాతరు చెయ్యలేదు.

బయటికొచ్చాక పంక్చరుకు కొత్త భాష్యం చెప్పింది. టైరు పోకపోతే పొద్దున్నే చేరేవాళ్ళం, ఆ వేళలో పూలామెకు బోణీ అయిపోయి ఉండేది. అంటే ఆ తుమ్ము మంచికేనట! వచ్చేటప్పుడు ఈ తీర్పు వినిపించి ఉంటే వేరుసెనక్కాయలైనా తినేది.

తిరుగు బస్సులో సీటు దొరగ్గానే ఫోన్లు మొదలుపెట్టింది. పిన్నికి, పెద్దత్తకు, పక్కింటావిడకు. "ఇంక మీలో ఎవరికి బల్లి పడ్డా కంచిదాకా పోనక్కర్లేదు. ముట్టుకొచ్చినవాళ్ళని ముట్టుకుంటే చాలు, దోషం పోతుంది. పొద్దునైనా పర్లేదు, శుభకార్యానికి పోయేటప్పుడైనా పర్లేదు, నా దగ్గరికి రండి." అవతల పిన్ని ఏదో సందేహం అడిగినట్టుంది.

"అవునే, నన్నే!" అంది అమ్మ, బస్సంతా వినపడేలా.