మడిలో గాలి లెక్క

వరి మడిలో గాలి పట్టే పని పొద్దున తొమ్మిదికి మొదలై పదకొండు లోపల అయిపోవాలి. ఆ వేళ మడి నుంచి వచ్చే మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) దాదాపు రోజు మొత్తం సగటుకు దగ్గరగా ఉంటుంది, అందుకని ఈ పని చేసేవాళ్లందరూ ఆ సమయమే పెట్టుకుంటారు. నాట్లు పడ్డ వెంటనే అల్యూమినియం చట్రం ఒకటి బురదలోకి దిగ్గొట్టి, పంట కోసేదాకా కదపకుండా వదిలేస్తాం. దాని అంచు చుట్టూ గాడి ఉంటుంది. అందులో నీళ్లు పోసి, పైన అక్రిలిక్ పెట్టె బోర్లిస్తాం. బయటి గాలి లోపలికి పోకుండా ఆ నీళ్లే అడ్డం. లోపల బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, ఒక థర్మామీటరు. పెట్టె మూసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత పావుగంటకోసారి సిరంజితో లోపలి గాలి లాగి, ముందే గాలి తీసేసిన చిన్న గాజు సీసాల్లోకి ఎక్కిస్తాం.

సీసాలు ల్యాబుకు పోతాయి. అక్కడ గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అనే యంత్రం మీథేన్ ఎంతుందో చెబుతుంది. మామూలు గాలిలో మీథేన్ పది లక్షల పాళ్లలో రెండు పాళ్లకు కాస్త తక్కువ. ముప్పావు గంటలో పెట్టె లోపల అది పదీ పదిహేను పాళ్లకు చేరుతుంది, పిలకలు బాగా తొడిగే రోజుల్లో ఇంకా పైకి పోతుంది. అది ఎంత వేగంగా పెరిగింది అన్నదాన్ని బట్టి ఎకరాకు ఎంత అని లెక్క కడతాం.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక ఒక పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డు పని దొరికింది. మేం పెట్టెలు పెట్టిన మడుల్లో ఒకటి మా పెదనాన్నది, నెల్లూరు జిల్లా విడవలూరు వైపు, పెన్నా కాలవల చివరి ఆయకట్టు. ఆ మడిలో నడవడానికి చెక్క పలకలు వేసుకున్నాం. బురదలో కాలు పెడితే అడుగున పట్టి ఉన్న బుడగలు ఒక్కసారిగా పైకి లేస్తాయి, పెట్టె లోపల లెక్క తారుమారవుతుంది. ఒకరోజు పెదనాన్న కలుపు కనపడిందని గట్టు మీద నుంచి నేరుగా మడిలోకి దిగాడు. ఆ పూట పట్టిన సీసాలన్నీ పక్కన పెట్టేశాం. ఆయన నొచ్చుకోలేదు గానీ, "ఏం తల్లీ, నా మడిలో నేను దిగితే కూడా గాలి చెడిపోతుందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నీళ్లు నిలిచిన మట్టిలోకి ఆక్సిజన్ దిగదు. కొన్నాళ్లకు ఉన్నది కూడా అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ అక్కర్లేని సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని, వేళ్లు విడిచిన పదార్థాలను తిని మీథేన్ వదులుతాయి. అందులో చాలా భాగం బుడగల్లో రాదు, వరి మొక్క లోపలి నుంచే వస్తుంది. వరి కాండంలో తామర తూడులాగా గాలి దారులు ఉంటాయి. పైనుంచి వేళ్లకు ఆక్సిజన్ దిగేది ఆ దారుల్లోనే, కింది మీథేన్ బయటికి ఎక్కేదీ వాటిలోనే. నీళ్లలో నిలబడి బతకడానికి మొక్క తయారు చేసుకున్న ఏర్పాటు అది. అందులో తప్పు మొక్కదీ కాదు, నాటిన మనిషిదీ కాదు. కానీ బయటికొచ్చిన మీథేన్ గాలిలో సుమారు పన్నెండేళ్లు ఉంటుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, కిలోకు కిలో, కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. మనం పీల్చే గాలిలో ఓజోన్ తయారవడానికీ అది ఒక కారణం. ఆ ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, పైరుకూ మంచిది కాదు.

ఇంతదాకా ఎవరు కొలిచినా వచ్చే సంగతే. ఎంత వస్తుందన్న దగ్గరే గొడవంతా. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ లెక్కల్లో భారతదేశపు వరి పొలాలు ఏడాదికి దాదాపు 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ వదులుతున్నట్టు చూపించారు. ఆ అంకె మన మడుల్లో పెట్టె పెట్టి తీసింది కాదు. వేరే దేశాల పొలాల్లో కొలిచినదాన్ని మన విస్తీర్ణంతో గుణించి తీశారు. వాతావరణ ఒప్పందాల చర్చలు మొదలవుతున్న రోజులవి. అంత పెద్ద అంకె పక్కన ఉంటే, ఫ్యాక్టరీలు, కార్లు ఉన్న దేశాలతో సమానంగా మన రైతునూ బోనులో నిలబెట్టేవాళ్లు. 1991లో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి చెందిన ఎ.పి. మిత్ర ముందుండి, దేశంలో రకరకాల వరి పొలాల్లో మీథేన్ కొలిపించారు. తేలింది ఏడాదికి సుమారు 40 లక్షల టన్నులు. తొమ్మిదో వంతు! మన నేలల్లో కుళ్లే పదార్థం తక్కువ, చాలా పొలాల్లో పంట కాలం పొడుగునా నీళ్లు నిలవవు. ఆ సంగతి మడిలోకి దిగితేనే తెలిసింది. అప్పట్లో ఈ సిరంజిలు పట్టుకుని ఎండలో నిలబడ్డవాళ్లంటే నాకు చాలా గౌరవం. వాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు.

ఆ కొలతల నుంచి, ఆ తర్వాతివాటి నుంచి మన దేశానికంటూ కొన్ని అంకెలు స్థిరపడ్డాయి. నీళ్లు ఎప్పుడూ నిలిపి ఉంచే మడి హెక్టారుకు (దాదాపు రెండున్నర ఎకరాలు) ఒక పంటకు 160 కిలోల చుట్టుపక్కల మీథేన్ ఇస్తుంది. మధ్యలో ఒకసారి ఆరితే అది 66కు పడుతుంది. పలుమార్లు ఆరితే 20 దగ్గరికి వస్తుంది. విత్తనం, ఎరువు, దిగుబడి ఇవేవీ కాదు, నీళ్లు ఎన్నిసార్లు తీశారన్న ఒక్కదాని మీద ఇంత తేడా. నేను ఈ పనిలోకి వచ్చేముందు ఈ మూడు అంకెలు చూసి రాత్రంతా వాటి గురించే ఆలోచించాను.

పెదనాన్న అడిగిన ఇంకో మాట కూడా న్యాయమైనదే. "ముత్తుకూరు రోడ్డులో పోతే అంతెత్తు గొట్టాలు కనపడతుండాయి గదా, వాటి కింద పెట్టరా మీ పెట్టెలు?" ఆయన ముందే కూర్చుని లెక్క వేశాను. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. వాటిలో ఒక్కటి పూర్తి స్థాయిలో గంటసేపు నడిస్తే 8 లక్షల యూనిట్ల కరెంటు. బొగ్గుతో యూనిట్ కరెంటుకు సుమారు 0.9 కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే గంటకు 720 టన్నులు. ఎప్పుడూ నీళ్లుండే ఎకరా వరి ఒక పంటకు ఇచ్చే మీథేన్ దాదాపు 65 కిలోలు, అంటే కార్బన్ డయాక్సైడ్ లెక్కలో 1.75 టన్నులు. అంటే ఆ కేంద్రంలో ఒక యూనిట్ ఒక గంటలో వదిలేది, దాదాపు 400 ఎకరాల వరి ఒక పంట మొత్తంలో వదిలేదానికి సమానం. మీథేన్ ఆయుష్షు తక్కువ కాబట్టి ఇరవై ఏళ్ల లెక్కన చూడాలనేవాళ్లూ ఉన్నారు. అప్పుడు అది 80 రెట్లు అవుతుంది, 400 ఎకరాలు 140కి దిగుతాయి. ఏ లెక్కన చూసినా బరువు ఎటుందో తెలుస్తూనే ఉంది. ఆ కరెంటు మా ఇంటి ఫ్యానుకు, రొయ్యల చెరువుల ఏరియేటర్లకు కూడా వస్తోంది, అదీ నిజమే.

అట్లాగని వరిని వదిలేయమని నేను అనను. మీథేన్ త్వరగా పోయే వాయువు, ఈరోజు తగ్గిస్తే ఫలితం మన కళ్ల ముందే కనపడుతుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వచ్చే మీథేన్‌లో వరి వాటా 8 శాతం దాకా ఉంది. మా జిల్లా వాళ్లకు వాతావరణం మారడం ఎక్కడో జరిగే కథ కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసేసింది. ఆ ఒక్క వరదకు కారణం ఇదేనని నేను చెప్పను. వేడెక్కిన గాలి ఎక్కువ నీటిని మోస్తుంది, కురిస్తే ఎక్కువ కురుస్తుంది అని మాత్రం భౌతికశాస్త్రం గట్టిగానే చెబుతోంది.

మడి ఆరబెట్టే పద్ధతి తేలికే. అడుగు పొడవు పీవీసీ పైపు తీసుకుని కింది సగానికి రంధ్రాలు పెట్టి, ఆ సగం మట్టిలోకి దించాలి, లోపలి మట్టి తీసేయాలి. పైపులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి పోయేదాకా ఆగి, అప్పుడు మళ్లీ నీళ్లు పెట్టాలి. నాటిన మొదటి రెండు వారాలు, ఈనిక సమయంలో మాత్రం నీళ్లు తీయకూడదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని ఏళ్ల తరబడి ప్రచారం చేస్తోంది. నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయి, మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది, దిగుబడి పడదు అని వాళ్ల మాట.

పెదనాన్న పైపు చేతిలో పట్టుకుని తిప్పి చూశాడు. "ఆరబెట్టమంటే ఆరబెడతా. మళ్లా పెట్టుకునేదానికి కాలవలో నీళ్లు ఉండాల గదా. వంతు తప్పితే పదిరోజులు. మడిలో నీళ్లుంటేనే నాకు నిద్ర పట్టేది" అన్నాడు. సోమశిల జలాశయం 78 టీఎంసీలది. దాని నుంచి సంగం, నెల్లూరు బ్యారేజీలు దాటి చివరి ఆయకట్టుకు నీళ్లు రావాలంటే పైనున్నవాళ్లందరి పొలాలు దాటాలి. మొదట్లో ఉన్న రైతు తూము ఎత్తితే నీళ్లు వస్తాయి, ఆరబెట్టడం అతనికి కష్టం కాదు. చివర్లో ఉన్న మనిషికి మడే గోదాము. పైగా ఇది సముద్రం పక్క నేల, మరీ ఆరితే ఉప్పు పైకి తేలుతుంది. ఎడగారులో (ఎండాకాలపు రెండో పంటలో) అయితే ఎండకు అది ఇంకా తొందరగా జరుగుతుంది. ఎకరాకు రెండు పుట్ల ధాన్యం తగ్గితే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

రైతులకు అవగాహన లేదు అనే మాట మీటింగుల్లో వినపడినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆయన అవగాహనతోనే నీళ్లు నిలుపుతున్నాడు. ఏ తేదీన కాలవ వదులుతారో, ఎన్నాళ్లు ఉంటుందో నమ్మకంగా చెప్పకుండా పైపులు పంచితే అవి గట్టు మీదే పడి ఉంటాయి. మీథేన్ తగ్గించే పనిలో సగం కాలవ దగ్గర జరగాలి, మడి దగ్గర కాదు.

కొలవాల్సింది మీథేన్ ఒక్కటే కూడా కాదు. యూరియా వేసిన రోజుల్లో మడి తడుస్తూ ఆరుతూ ఉంటే నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు. ఒకటి తగ్గించబోయి ఇంకొకటి పెంచామా అని చూడటానికే ప్రతి సీసాలో రెండూ చూస్తాం. గడ్డి సంగతీ అంతే. మిషను కోత అయ్యాక ఎడగారుకు తొందరపడి గడ్డి కాలిస్తే సన్నని పొగ దుమ్ము. కాల్చకుండా దమ్ములో తొక్కి వెంటనే నీళ్లు పెడితే మీథేన్ పెరుగుతుంది. కనీసం నెల ముందు దున్ని కలిపితే ఆ పెరుగుదల బాగా తగ్గుతుంది, రెండు పంటల మధ్య ఆ నెల దొరకడమే కష్టం. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో నెల్లూరు పేరుంది. పొగ ఊరి పొలిమేర దగ్గర ఆగదు కాబట్టి గడ్డికి మంచి ధర, కట్టలు కట్టే యంత్రం రెండూ ఊళ్లకు రావాలని నా కోరిక.

ఈ మధ్య వరి మీథేన్ తగ్గిస్తే కార్బన్ క్రెడిట్లు (తగ్గించిన వాయువు లెక్కన ఇచ్చే, అమ్ముకోగల పత్రాలు), డబ్బులు అనే మాటలు పల్లెలకు చేరాయి. రైతుకు నిజంగా డబ్బు వస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ 2024లో వెర్రా అనే క్రెడిట్ల నమోదు సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. లెక్క గట్టిగా లేకపోతే ఆఖరికి నష్టపోయేది సంతకం పెట్టిన రైతే. ఎవరైనా కాగితం తెస్తే, మా మడిలో ఎప్పుడు, ఎన్నిసార్లు కొలుస్తారు, నీళ్లు రాని వారం ఎవరి ఖాతాలో పడుతుంది అని అడగండి.

పెదనాన్నకు ఉన్నవి నాలుగు మడులు. కాలవ మీద పనిచేసే లస్కరుతో మాట్లాడి, ఈ ఎడగారుకు వంతుల తేదీలు వారం ముందుగా ఫోనులో చెప్పేటట్టు ఒప్పించాం. అది మాటగా ఉంది, రాతలో లేదు. తేదీలు నిలబడినంత కాలం రెండు మడుల్లో పైపులు దించడానికి పెదనాన్న ఒప్పుకున్నాడు, మిగిలిన రెండింటిలో ఎప్పటిలా నీళ్లు నిలుపుతాడు. నాలుగింటిలోనూ పెట్టెలు పెడతాం, మీథేన్‌తో పాటు మట్టిలో ఉప్పు కూడా కొలుస్తాం. దిగుబడి పుట్లలో ఆయనే తూకం వేసి చెబుతానన్నాడు.