చెయ్యేటి ఇసుకలో చెలమ

శివరాత్రి తిరుణాల అయిన వారానికి అమ్మను తీసుకుని కడప నుంచి అత్తిరాల బయల్దేరాను. అమ్మ పుట్టిల్లు నందలూరు. చెయ్యేరు మాటెత్తితే ఇంటి మనిషి గురించి చెప్పినట్టే చెబుతుంది.

దారిలో నందలూరులోనే సౌమ్యనాథస్వామి గుడి చూశాం. చోళుల కాలపు కట్టడం, 108 స్తంభాలు. పైకప్పుకు ఒక రాతి చేప ఉంది. ఏటి నీళ్లు దాన్ని తాకితే ప్రాణం వచ్చి ఈదిపోతుందనీ, అది యుగాంతమనీ అంటారు. "ఆ వరద రోజు నాకీ చేపే గుర్తొచ్చింది నాయనా" అంది అమ్మ.

అత్తిరాలలో పరశురాముడి గుడి ఏటి గట్టునే. తల్లిని చంపిన పాపం ఇక్కడి నీళ్లలో రాలిందట. నాకు మాత్రం లిఖితుడి కథే ఇష్టం. అన్న శంఖుడి తోటలో అడక్కుండా పండ్లు తిన్నాడని రాజు అతని చేతులు నరికించాడు. బాహుదా నదిలో మునిగితే చేతులు మళ్లీ వచ్చాయి. ఆ బాహుదే మన చెయ్యేరని ఇక్కడివాళ్ల నమ్మకం. పండు తిన్నందుకు అంత శిక్షా అని చిన్నప్పుడు మా జేజితో, అదే అవ్వతో, పోట్లాడేవాణ్ని.

అన్నమయ్య పుట్టిన తాళ్లపాక కూడా దగ్గరే. అక్కడ దండం పెట్టుకుని, పులపత్తూరు వైపు తిరిగాం.

2021 నవంబర్ 19 తెల్లవారుజామున, కార్తీక పున్నమి పూట, పైన పింఛ ప్రాజెక్టు కట్ట, తర్వాత చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగాయి. నీళ్లు మందపల్లె, పులపత్తూరు, తొగురుపేట మీద పడ్డాయి. ఇళ్లు, పశువులు, మనుషులు కొట్టుకుపోయారు. ఒక పెద్దాయన తన చేను చూపించాడు. "నీళ్లు వచ్చినంత బిరీన పోయినాయి సార్. ఈ ఇసుక యాడికి పోతాది?" మేటలు తీయించడానికే అప్పు చేశాడట. ఏం చెప్పాలో తెలియక ఆయన పక్కనే కాసేపు నిలబడ్డాను. కట్ట తెగిందన్న వార్త నాలుగు రోజుల్లో పాతబడింది. ఆ చేను ఇంకా అలాగే ఉంది.

తిరుగుదారిలో నందలూరు దగ్గర అమ్మ కారు ఆపించింది. ఏరంతా ఇసుకే. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడ పెద్ద లోకో షెడ్ ఉండేది, మా జేజినాయన, అంటే తాత, పని చేసింది అందులోనే. పొద్దున్నే ఆయన డ్యూటీకి పోయే లోపల చెలమ నుంచి బిందె నీళ్లు తేవడం అమ్మ పని.

చెప్పులు విడిచి దిగింది. కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడసాగింది. మోచేతి లోతుకు చెమ్మ తగిలింది. ఇంకాస్త తోడితే ముందు బురదగా, తర్వాత తేటగా నీళ్లు ఊరాయి.

దోసిలి పట్టి, ముందు నాకే ఇచ్చింది.