కాలదోషం పట్టిన 4,200

మొన్న బి.కాం. మొదటి ఏడాది పిల్లలకు స్లిప్ టెస్ట్ పెట్టాను. రానిబాకీగా కొట్టేసిన మొత్తం తర్వాత వసూలైతే చిట్టాలో పద్దు ఎలా రాస్తారు అని ప్రశ్న. సగం మందికి పైగా నగదు ఖాతాను డెబిట్ చేసి, బాకీదారు ఖాతాను క్రెడిట్ చేశారు. తప్పే. దిద్దుతుంటే కోపం రాలేదు గానీ మా నాయిన గుర్తొచ్చాడు.

జడ్చర్ల దగ్గర మా ఊళ్లో ఆయనది చిన్న కిరాణా దుకాణం. సగం బేరం ఉద్దెర మీదే. బాదేపల్లి మార్కెట్లో పల్లి అమ్ముకొచ్చి లెక్క తేల్చేవాళ్లు కొందరు, బొంబాయి వలస పోయొచ్చి కట్టేవాళ్లు ఇంకొందరు. ఎర్ర అట్ట పుస్తకంలో మనిషికో పేజీ. "తీసుకపోయినోని పేరు మీద రాయాలె" అనేవాడు. పుచ్చుకునేవారిని డెబిట్ చేయి అనే వ్యక్తిగత ఖాతా సూత్రం అదేనని నాకు ఇంటర్ సీఈసీలో చేరాకే తెలిసింది.

ఇంట్లోకి తెచ్చుకున్న ఉప్పు, చాయ్‌పత్త, సబ్బులు మాత్రం ఏ పేజీలోనూ ఉండవు. "మన దుకాణమే గద!" అంటాడు. లెక్కల్లో వీటిని సొంతవాడకాలు అంటాం. యజమాని వేరు, వ్యాపారం వేరు అన్నది ఆయన తలకెక్కించడం నావల్ల ఇప్పటికీ కాలేదు.

ఒకాయన 4,200 బాకీ పెట్టి, ఇంటిల్లిపాదినీ తీసుకుని బొంబాయి పోయాడు. నాలుగో ఏడు నాయిన ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టాడు. అంటే రానిబాకీల ఖాతా డెబిట్, ఆయన ఖాతా క్రెడిట్. పుస్తకంలో బాకీ సున్నా.

"గీత కొట్టినంక బాకీ పోయినట్టే కదా మేడం?" అని ఒక పిల్లాడు అడిగాడు. పోలేదు. గీత మన పుస్తకం వరకే. చట్టం లెక్క వేరు. గడువేదీ చెప్పుకోకుండా సరుకు ఉద్దెరకిస్తే, ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం. ఆలోపు బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే, అప్పటినుంచి మళ్లీ మూడేళ్లు. మా ఎర్ర పుస్తకంలో ఎవరి సంతకాలూ లేవు, అంతా నాయిన రాతే. ఖాతా పుస్తకంలోని రాత ఒక్కటే చూపించి ఎవరినీ బాకీకి బాధ్యుణ్ణి చేయలేమని సాక్ష్య చట్టం. మూడేళ్లు దాటి కాలదోషం పట్టాక కూడా పోయేది కోర్టుకెక్కే దారే, బాకీ కాదు. అప్పుడైనా బాకీదారు 'ఇస్తాను' అని కాగితం మీద రాసి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద ప్రతిఫలం, అంటే ఆ మాటకు బదులుగా మనమిచ్చేది, ఏమీ లేకున్నా చెల్లుతుంది. నోటిమాట చాలదు.

ఐదో ఏడు దసరాకు ఆయన ఊరికొచ్చాడు. సంతకం లేదు, దావా లేదు, అడిగినవాళ్లూ లేరు. "లెక్క చూస్కో సేటూ" అని 4,200 గల్లా మీద పెట్టాడు.

నాయిన పేజీ తీశాడు. దానికి గీత కొట్టి ఉంది. మూసేసిన ఖాతాలో జమ చేస్తే మనమే ఆయనకు బాకీ పడ్డట్టు తేలుతుంది. అందుకే నగదు డెబిట్ చేసి, వసూలైన రానిబాకీల ఖాతాను క్రెడిట్ చేస్తాం. అది లాభంలో కలుస్తుంది. ఇదంతా నాయినకు ఎవరు చెప్పాలి? కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. పుస్తకం మూసి, పైసలు గల్లాలో కాకుండా అంగీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మా ఇంట్లో మటన్. సొంతవాడకాలు. అదీ రాయలేదు.